కత్తెరమ్మ పగ

మా తోడికోడలికి కోపం రాదు. కోపం వచ్చే మనుషులతో వేగడం తేలిక. నాలాగా నాలుగు అరుపులు అరిచి, చేతికందిన గ్లాసు విసిరి, చల్లబడతారు. ఆమెకు వచ్చేది పగ. పెళ్లయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజున పక్కింటి పిన్నిగారు "పిల్ల బాగానే ఉంది గానీ నోరు కాస్త పెద్దది" అన్నదట. పిల్లలు పుట్టి బడికి కూడా పోతున్నారు, ఆ మాట మాత్రం ఆమెకు నిన్ననే విన్నట్టుంది. పిన్నిగారు మా షాపుకు జుట్టు కత్తిరించుకోవడానికి ఎప్పుడొచ్చినా అందరికంటే ఆఖర్న పిలుస్తుంది. వెనక వచ్చినవాళ్లను కూడా ముందు కూర్చోబెట్టి, "ఇదిగో పిన్నిగారూ, అయిపోవచ్చింది" అని తీయగా నవ్వుతుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అలాంటి మనిషికి అన్యాయం చేసి బతికి బట్టకట్టగలనని ఒకావిడ అనుకుంది. ఆ సంగతే చెప్తున్నాను. తోడికోడలే అయినా నేను అక్కా అనే పిలుస్తాను. నేను మా అక్క మనిషిని, కాబట్టి రెండు వైపులా సమానంగా తూచి చెప్తానని మాత్రం ఆశపడకండి.

మా ఇంటి ముందుగదే మా షాపు. రెండు కుర్చీలు, గోడ పొడుగునా అద్దం, మూల తలలు కడిగే తొట్టి. కత్తెర అక్కది. కడగడం, రంగు వేయడం, ఊడవడం నావి. వీధిలో అందరూ ఆమెను కత్తెరమ్మ అంటారు. పుట్టుకతో ఎడంచేతి వాటం మనిషి. బడిలో వేళ్ల మీద కొట్టి కొట్టి రాయడం ఒక్కటీ కుడిచేతికి మార్పించారు. కూరలు తరగడం, సూది పట్టడం, పిల్లల వీపు వాయించడం, అన్నీ ఎడంచేత్తోనే. కత్తెర కూడా సానపట్టే అతన్ని బతిమాలి తిరగేసి చేయించుకుంది. దాన్ని నేనొకసారి కుడిచేత్తో పట్టి చూస్తే వెంట్రుకలు తెగలేదు, రేకుల మధ్య మడతపడ్డాయి. ఆమె బొటనవేలు ఒక కన్నంలో, ఉంగరపువేలు ఇంకో కన్నంలో పెట్టి, చిటికెనవేలు తోక మీద ఆనించిందంటే మాత్రం చూడాల్సిందే. మాట్లాడుతూనే ఉంటుంది, తల పక్కకు తిప్పి పిల్లల్ని కసురుతూనే ఉంటుంది, చెయ్యి మాత్రం గీత గీసినట్టు పోతుంది. మా బావగారు లారీ మీద వెళ్తే ఎప్పుడొస్తారో ఆయనకే తెలియదు. మా ఆయన సంపాదన ఆయన టీలకే సరి. రెండు కాపురాలూ ఆ చెయ్యి మీదే నడిచేవి.

వీధి చివర ఆడవాళ్ల క్లినిక్ ఉంది. అక్కడ కౌన్సెలింగ్ మేడమ్ అని ఒకావిడ. పిల్లలు వద్దనుకునే ఆడవాళ్లకు ఏ పద్ధతిలో ఏముందో, ఎవరికి ఏది పడుతుందో, ఏది పడదో విడమరిచి చెప్పడం ఆవిడ ఉద్యోగం. నెలనెలా మా షాపుకొచ్చి ముందరి జుట్టు కనుబొమల మీదికి సమంగా కత్తిరించుకుని వెళ్లేది. మనిషి మంచిదే, మాటకారి. ఎదుటివాళ్లను మాట్లాడనివ్వదు, అంతే.

ఆవిడ చెప్పగా వినే మేమిద్దరం చేతిలో పుల్ల పెట్టించుకోవడానికి వెళ్లాం. ఇంప్లాంట్ అంటారు, మేమంతా పుల్ల అనే అంటాం. అగ్గిపుల్లంత ఉంటుంది, మోచేతికి పైన లోపలి వైపు చర్మం కింద పెడతారు. అక్కకు రోజూ మాత్ర గుర్తుపెట్టుకునే ఓపిక లేదు. నా సంగతి వేరు. రెండో కాన్పు తర్వాత నా గుండె బలహీనపడింది. మళ్లీ కడుపొస్తే ప్రాణానికి హామీ లేదని గుండె డాక్టరు మొహం మీదే చెప్పాడు.

క్లినిక్‌లో బల్ల నిండా ఆడవాళ్లు. మేడమ్ ఎదురుగా నిలబడి అందరికీ కలిపి ఒకే ఊపిరిలో పాఠం అప్పజెప్పింది. "చిన్న పుల్లమ్మా, నొప్పుండదు, మూడేళ్లు దిగుల్లేదు, నెలసరి కొంచెం అటూఇటూ అవుతుంది, కంగారుపడకండి, ఇక్కడ సంతకాలు పెట్టండి, ఎడంచేతులు చాపండి." అందరం ఎడంచేతులు చాపాం, డాక్టరు వరసగా పెట్టుకుంటూ పోయాడు.

అది పని చేసే చేతికి కాకుండా రెండో చేతికి పెట్టాలట. ఏది పని చేసే చెయ్యో ఒక్కొక్కళ్లనీ అడగాలట. పెట్టాక వేలితో తడిమి చూసుకోమని, తగలకపోతే వెంటనే రమ్మని చెప్పాలట. ఎడతెగకుండా రక్తం పోతే రమ్మని చెప్పాలట. వద్దనిపిస్తే మూడేళ్లు ఆగక్కర్లేదు, ఎప్పుడడిగినా తీస్తామని చెప్పాలట. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. అక్క ఎడంచెయ్యి చాపుతూ ఒక్క క్షణం ఆగడం నేను చూశాను. అందరికీ ఎడంచేతికే పెడతారు కాబోలు, వాళ్లకు తెలియదా అనుకుందట.

నాకది చక్కగా పడింది. చర్మం కింద సన్నగా తగిలేది, ఏ బాధా లేదు. అక్క తడుముకుంటే తగిలేది కాదు. "నీకు తగుల్తోందేంటే? నాకు కండ ఎక్కువలే" అని నవ్వేసింది. పుల్ల చర్మం కింద కాకుండా లోపల కండలోకి దిగిపోయిందని మా ఇద్దరికీ తెలియదు.

తర్వాత రక్తం మొదలైంది. ఆగదు. రోజంతా నిలబడి చేసే పని, మధ్యమధ్య లోపలికి పరిగెత్తడం, మొహం సున్నం కొట్టినట్టు పాలిపోవడం. తీసెయ్యమని క్లినిక్‌కి వెళ్లింది. "అలవాటవుతుందమ్మా" అంది మేడమ్. మళ్లీ వెళ్లింది. "పెట్టించుకునేటప్పుడు ఉన్న ఉత్సాహం ఇప్పుడేమైంది? మూడేళ్లు నిండాలి, అప్పుడే తీసేది" అంది. ఆ నెలలోనే మా కుర్చీలో కూర్చుని, అక్క కత్తెర ఆవిడ కళ్ల మీద ఆడుతుండగా, "నువ్వు ఊరికే దాని మీదే ధ్యాస పెడుతున్నావు" అని సలహా కూడా ఇచ్చింది. నేనైతే చెవి కోసి చేతిలో పెట్టేదాన్ని. అక్క కత్తిరించినది మాత్రం వెంట్రుకవాసి కూడా వంకర పోలేదు.

చివరికి అక్క షాపులోనే కళ్లు తిరిగి పడిపోతే తీయక తప్పలేదు. పుల్ల పెట్టిన డాక్టరే తడిమాడు, దొరకలేదు. దొరకనప్పుడు స్కానింగ్‌కి పంపి, ఎక్కడుందో చూసుకుని, చేతనైనవాళ్లు తీయాలి. ఆయన "ఇక్కడే ఉంటుందిలే" అంటూ కోసి లోపల వెతికాడు. అక్క గావుకేక పెట్టింది. కరెంటు కొట్టినట్టు వేళ్ల చివరిదాకా పాకిందట. పుల్లయితే వచ్చింది. ఉంగరపువేలూ చిటికెనవేలూ మొద్దుబారిపోయాయి.

"మత్తు దిగితే సర్దుకుంటుంది" అన్నారు. మత్తు దిగింది, వేళ్లు మేలుకోలేదు. నరం దెబ్బతిందని పెద్దాసుపత్రిలో చెప్పారు. మొదటిసారి కత్తెర పట్టుకున్నప్పుడు అది జారి తన కాలి పక్కనే పడింది. వంగి తీసుకుంది. మళ్లీ జారింది. నన్ను చూసి, "చెమట పట్టిందే, గుడ్డ ఇలా ఇవ్వు" అంది. చెయ్యి పొడిగానే ఉంది.

కోసిన డాక్టరు తల దించుకుని తప్పు ఒప్పుకున్నాడు, తర్వాత అక్కడ ఉద్యోగమే మానేశాడు. పోతూపోతూ ఒక మాట అన్నాడు. "కుడిచేతి వాటం అని చెప్పారు కాబట్టి ఎడంచేతికి పెట్టాను. ఎడంచేత్తో పనిచేసే మనిషని తెలిస్తే ఆ చెయ్యి ముట్టుకునేవాణ్నే కాదు." ఎవరు చెప్పారండీ అంటే మేడమ్ అన్నాడు.

మేం ఫిర్యాదు చేస్తే క్లినిక్ పైవాళ్లు విచారణ పెట్టారు. పొడుగాటి బల్ల, దాని వెనక ముగ్గురు పెద్దమనుషులు. మేడమ్ తడుముకోకుండా చెప్పింది. "నేను అడిగానండీ. ఏ చేత్తో పనిచేస్తావమ్మా అని స్పష్టంగా అడిగాను. కుడిచెయ్యే అంది."

అక్క బల్ల దగ్గరికి జరిగింది. "నన్ను అడగలేదండీ. ఒక్క మాట అడగలేదు."

వాళ్లలో ఒకాయన కాగితం, కలం ఆమె ముందుకు తోశాడు. "నీ మాట కింద సంతకం పెట్టమ్మా." అక్క కుడిచేత్తో పెట్టింది. ఆయన పక్కాయన వైపు చూసి కళ్లెగరేశాడు.

నేను లేచి అరిచాను. "రాయడం ఒక్కటే సార్ కుడిచేత్తో! కత్తెర పట్టేది ఎడంచేత్తో!"

"ఏదీ, పట్టి చూపించమనండి."

నా సంచీలోంచి కత్తెర తీసి ఇచ్చాను. అక్క దాన్ని ఎడంచేత్తో పట్టుకుంది. ఉంగరపువేలు కన్నంలో నిలవలేదు, కత్తెర బల్ల మీద ఠంగున పడింది. చేతగాని చేత్తో పట్టినట్టే ఉంది చూసేవాళ్లకు. వాళ్లు పోగొట్టిన చేత్తోనే అది తన పనిచెయ్యి అని రుజువు చేసుకోమన్నారు. సాక్షిగా పక్కింటి పిన్నిగారిని లాక్కుపోయానా, ఆవిడ ముగ్గురి ముందూ, "కుడిచెయ్యేనండీ అనుకుంటా. నేను కూర్చున్నప్పుడల్లా కుడిచెయ్యే చూశాను" అంది. ఇన్నేళ్లూ ఆఖర్న కూర్చోబెట్టినందుకు కసి తీర్చుకుంటోందని నేను అక్కడే ఆవిడను తిట్టిపోశాను. పేషెంటు తప్పు సమాచారం ఇచ్చిందని తేల్చి లేచిపోయారు.

బయటికొచ్చాక అక్క ఏడవలేదు. వరండా మెట్ల మీద కూర్చుని చెప్పింది. "చెయ్యి ఎలాగూ పోయింది. నన్ను అబద్ధాలకోరును చేసింది చూడు, అదే నాకు మింగుడుపడట్లేదు. ఆవిడ నోటితోనే అనాలి. నేను అడగలేదు అని. మన షాపులో, అందరూ వింటుండగా. అది అనిపించకపోతే నా మొహం అద్దంలో చూసుకోను."

ఆ రోజు నుంచి కత్తెర నాకొచ్చింది, ఇంకోటి కుడిచేతిది కొనుక్కున్నాను. నా పనితనం గురించి అడక్కండి, జనం అక్క మాటల కోసం వచ్చేవాళ్లు. ఆమె కుడిచేత్తో రంగు కలుపుతూ కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చునేది, కత్తెర వదిలిన పని నాలుక అందుకుంది. మెడ చుట్టూ గుడ్డ కట్టుకుని, తల తడిపించుకుని కూర్చున్న ఆడది ఎక్కడికి పోతుంది? వినాల్సిందే. మొదట్లో తనకు జరిగింది జరిగినట్టే చెప్పేది. వాళ్లు నోళ్లు తెరిచి వినడం చూసి ఉప్పూ కారం జోడించడం మొదలుపెట్టింది. పుల్ల ఒంట్లో నడుస్తుందంది. గుండెలోకి పోతుందంది. పెట్టించుకున్నవాళ్లకు ఇక జన్మలో పిల్లలు పుట్టరంది. ఇవన్నీ కట్టుకథలని నాకు తెలుసు. కడుపు మండి ఉన్నాను, నేనూ పక్కనుంచి వంత పాడాను.

మేడమ్ బల్ల ఖాళీ అయింది. పెట్టించుకునేవాళ్లు మానేశారు, ఉన్నవాళ్లు తీయించుకోవడానికి వరస కట్టారు. పైవాళ్లు మేడమ్‌ని పిలిచి చీవాట్లు పెట్టారని, ఎక్కడికో బదిలీ చేస్తారని కబురొచ్చింది. ఆ పూట అక్క రెండు కప్పుల టీ తాగింది. ఆవిడ మా షాపుకు రాలేదు, ఇంకే షాపుకూ వెళ్లినట్టు లేదు. ముందరి జుట్టు కళ్లలో పడుతుంటే ఇంట్లో సొంతంగా కత్తిరించుకుందేమో, వీధిలో కనిపించినప్పుడు అది ఎలక కొరికినట్టుంది. మేమిద్దరం తలుపు చాటున నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాం.

అంతలో ఒకామె నా చేతి కింద కూర్చుని అక్కను అడిగింది. "ఇంత చెప్తున్నావు, మరి నీ తోడికోడలు తనది తీయించుకోలేదేం?"

అక్క నా వైపు చూసింది. పిన్నిగారిని చూసే చూపు అది.

జనం పోయాక తలుపు దగ్గరికేసి, "తీయించెయ్" అంది.

"నా గుండె సంగతి నీకు తెలియదా అక్కా?"

"నిన్ను చావమన్నానా? వేరే ఏదైనా వాడుకో."

"మాత్రలు నా గుండెకు పడవన్నాడు డాక్టరు. ఆపరేషన్‌కి మత్తు ఇవ్వకూడదన్నాడు, తక్కినవి నమ్మకం లేదన్నాడు. నాకిది పడిందే! హాయిగా ఉంది."

"అదే నా నోరు నొక్కుతోంది. నా ఇంట్లోనే ఆవిడ పుల్ల చేతిలో పెట్టుకుని నువ్వు తిరుగుతుంటే నా మాట ఎవరు నమ్ముతారు? నువ్వు నా వైపా, ఆవిడ వైపా?"

నోటికొచ్చినట్టు అరిచాను. గ్లాసు కూడా విసిరాను. ఆమె గాజుపెంకులు ఏరి బయట పారేసింది. మర్నాటి నుంచి ఇంట్లో అందరికీ టీ ఇచ్చాక ఆఖర్న నాకివ్వడం మొదలుపెట్టింది. "ఇదిగోనే, అయిపోవచ్చింది" అంటూ నవ్వేది.

ఆ నవ్వు భరించడం నావల్ల కాలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ మేడమ్ ఆ ఒక్క మాట అనేదాకా మా అక్క మనిషి కాదు, మా ఇల్లు ఇల్లు కాదు. నేను క్లినిక్‌కి వెళ్లాను.

బల్ల మీద ఎవరూ లేరు. మేడమ్ ఒక్కత్తే కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"నా పుల్ల తీసెయ్యండి" అన్నాను.

ఆవిడ కూర్చోమంది. ఎందుకు తీయించుకుంటున్నావంది. రక్తం పోతోందా, తలనొప్పా, మనసు దిగులుగా ఉంటోందా, చేతిలో తగులుతోందా అంది. ఏ మందులు వాడుతున్నావంది. మళ్లీ పిల్లలు కావాలా అంది. గుండె ఎలా ఉందంది. అడిగి, నేను చెప్పేదాకా ఆగి, విని, అప్పుడు ఇంకోటి అడిగింది. ఎంత చక్కగా అడుగుతోందో! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇన్ని ప్రశ్నలు ఇన్నాళ్లూ ఎక్కడ దాచారు మేడమ్?"

ఆవిడ తల దించుకుంది. "నువ్వు అడిగితే తీయించాల్సిందే. కాదనే హక్కు నాకు లేదు. కానీ నీ గుండెకు ఇంకో కడుపు ఆగదమ్మా. ప్రాణం మీదికొస్తుంది."

"హక్కు లేదని ఇప్పుడు తెలిసిందా? మా అక్క వచ్చి కాళ్లావేళ్లా పడ్డప్పుడు ఉందా?"

ఆవిడ కాస్త గొంతు పెంచింది. "మీ అక్క చెప్పేవన్నీ నిజాలా? ఎదురింటి టైలరమ్మాయి మీ మాటలకు భయపడి తీయించుకుంది. ఇప్పుడు వద్దనుకున్న కడుపుతో ఏడుస్తోంది. తెలుసా?"

తెలియదు. కొన్నాళ్లుగా ఆ అమ్మాయి మా షాపు వైపు చూడకుండా ఎందుకు పోతోందో అప్పుడర్థమైంది. ఆ కథలకు వంత పాడినదాన్ని నేనే. ఆవిడ ముందు మాత్రం బయటపడలేదు.

"అది కూడా మీ పాపమే. మీరు ఆ ఒక్క మాట ఒప్పుకుని ఉంటే మా అక్క నోరు విప్పేదే కాదు. ఇప్పుడు వినండి. రేపు సెలవు, షాపు నిండా జనం ఉంటారు. మీరొచ్చి అందరి ముందూ అడగలేదని చెప్పండి. చెప్తే ఈ పుల్ల నా చేతిలోనే ఉంటుంది. చెప్పకపోతే ఇప్పుడే తీయించండి. నేను పోయానంటే వీధంతా ఎవరి పేరు చెప్పుకుంటుందో మీకు తెలుసు."

నిజంగా తీయించుకునేదాన్నా? ఆ క్షణంలో తీయించుకునేదాన్నే. నా చెయ్యి అప్పటికే బల్ల మీద చాపి ఉంది. ఆవిడ ఆ చెయ్యి వంక చూసింది. "వెళ్లమ్మా, వస్తాను" అంది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు షాపులో అడుగు పెట్టే సందు లేదు. నా కుర్చీలో పిన్నిగారు, తల నిండా రంగుతో. అక్క స్టూలు మీద. గుమ్మంలో మేడమ్ నిలబడింది. అక్క గిన్నెలో కుంచె తిప్పడం ఆపింది.

మేడమ్ చెప్పులు విడిచి లోపలికొచ్చింది. "నేను ఆమెను అడగలేదు. ఏ చేత్తో పనిచేస్తావని అడగలేదు. కుడి అని డాక్టరుకు నేనే చెప్పేశాను. విచారణలో అడిగానని చెప్పింది అబద్ధం."

అక్క నిదానంగా అంది. "ఇంకోసారి చెప్పండి. పిన్నిగారి చెవుల్లో రంగు పోయింది, వినబడి ఉండదు."

మేడమ్ ఇంకోసారి చెప్పింది, మొదటి దానికన్నా గట్టిగా.

"ఎందుకడగలేదు?"

"నాకు తెలుసనుకున్నాను. నెలనెలా ఇక్కడే కూర్చునేదాన్ని కదా, నువ్వు కత్తెర పట్టుకోవడం అద్దంలో చూస్తూనే ఉండేదాన్ని. కుడిచేత్తోనే కనబడేది. నువ్వు వెనక నిలబడితే అద్దంలో నాకు ఎదురుగా నిలబడ్డట్టు కనిపిస్తావు. ఎదుటి మనిషికి అది కుడిచెయ్యే అవుతుంది. అది అద్దమని నాకు తట్టలేదు. విచారణలో చెప్పడానికి భయమేసింది."

అందరి తలలూ అద్దం వైపు తిరిగాయి. నేను నా కత్తెర ఎడంచేతిలోకి మార్చుకుని ఎత్తి చూశాను. అద్దంలో ఉన్న నేను కుడిచేత్తో ఎత్తినట్టే ఉంది. పిన్నిగారు రంగు కారుతున్న మొహంతో, "నేను చెప్తే తిట్టావే! కూర్చున్నప్పుడల్లా కుడిచెయ్యే చూశానని చెప్పలేదూ?" అంది నాతో.

"నన్ను క్షమించమని అడగను" అంది మేడమ్. "ఏం చెయ్యమంటే అది చేస్తాను."

"కూర్చోండి" అంది అక్క, ఖాళీగా ఉన్న రెండో కుర్చీ చూపిస్తూ. అది ఆమె కుర్చీ. చెయ్యి పోయినప్పటి నుంచి దాంట్లో ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

మేడమ్ కూర్చుంది. నేను గుడ్డ తీసుకుని పోతుంటే, "నువ్వుండవే" అని అక్కే గుడ్డ కట్టింది. సొరుగులోంచి తన కత్తెర తీసింది. ఎడంచేత్తో పట్టుకుని, కదలని ఉంగరపువేలిని కుడిచేత్తో ఎత్తి కన్నంలోకి దూర్చుకుంది.

నాకు లోలోపల పండగే. గుండు కొట్టినట్టు చేస్తుంది, కావాలని గొరిగి వదులుతుంది, ఆవిడ ఆ తలతో వీధి పొడుగునా నడిచి పోవాలి అనుకున్నాను. అక్కడున్న వాళ్లందరూ అదే అనుకుని ఉంటారు. కుర్చీలో కూర్చున్న ఆవిడ కూడా అదే అనుకుందేమో, కళ్లు మూసుకుంది.

అక్క మొహం చూశాను. నాలిక పళ్ల మధ్య పెట్టుకుంది. నొసట చెమట. దువ్వెనతో ముందరి జుట్టు తీసి, తడిపి, కిందికి దువ్వి, కనుబొమల మీదికి కొలత చూసుకుని కత్తిరించింది. ఒక వైపు పైకి పోయింది. ఆగి, దాన్ని సరిచేయడానికి రెండో వైపు కత్తిరించింది. అది ఇంకా పైకి పోయింది. వేలు కన్నంలోంచి జారింది. మళ్లీ దూర్చుకుంది. కోపం తీర్చుకోవడం లేదామె. తిన్నగా కత్తిరించాలని తన శాయశక్తులా చూస్తోంది.

మేడమ్ కళ్లు తెరిచింది. అద్దంలో తన జుట్టు చూసుకోలేదు, ఆ చేతినే చూసింది. ఆవిడ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. "చాలమ్మా. ఇక చాలు."

"కదలకండి. వంకర పోతుంది" అంది అక్క.

షాపులో ఒక్కరూ నవ్వలేదు. కత్తెర చప్పుడు మాత్రం వినిపిస్తోంది, ఇదివరకటిలా కాదు, ఆగి ఆగి. నుదురు సగం బయటపడ్డాక ఇక కత్తిరించడానికి ఏమీ మిగల్లేదు. అక్క ఒకడుగు వెనక్కేసి, తల పక్కకు వంచి, ఎప్పటిలాగే తన పని తను చూసుకుంది. కత్తెర బల్ల మీద పెట్టింది. నా వైపు తిరిగింది.

"బాగా రాలేదే" అంది.

ఇన్నేళ్లలో ఆమె ఏ తలను చూసీ ఆ మాట అనడం నేను వినలేదు.